గాలాల పెట్టెలో కార్లు

ఆనందరావు తండ్రి బొల్లారంలో ఒక ఇంగ్లీషు దొర బంగళాలో వంట చేసేవాడు. దేశం విడిచి వెళ్తూ ఆ దొర తన గాలాల పెట్టెను ఆయనకిచ్చాడు. ఆకుపచ్చ రేకు పెట్టె. మూత ఎత్తితే లోపలి అరలు మెట్లుమెట్లుగా పైకి లేచేవి. ఆదివారం చర్చి కాగానే ఆయన దాన్ని పట్టుకుని మీరాలం చెరువుకు పోయేవాడు. ఆయన చనిపోయాక పెట్టె జహనుమా ఇంట్లో మంచం కిందికి చేరింది.

దాన్ని మళ్లీ బయటికి తీయించింది గోపాలకృష్ణ. ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. ఆనందరావు ఫిట్టరు, గోపాలకృష్ణ ఆఫీసు గుమాస్తా. డెబ్బై ఒకటిలో గోపాలకృష్ణ ఆబిడ్స్‌లో ఏదో వేలంలో ఒక ఆటసామాను కొన్నాడు. నల్లటి బాట, దాని మధ్య సన్నటి గాడి, ఆ గాడి పట్టుకుని కరెంటుతో పరుగెత్తే అరచేతంత కార్లు. సగం కార్ల మోటార్లు కాలిపోయి ఉంటే ఆనందరావు వాటికి కొత్త తీగ చుట్టాడు. మొదటి కారు రివ్వున మలుపు తిరిగినప్పుడు ఇద్దరూ పిల్లల్లా కేకలు పెట్టారు.

కార్లు పెట్టుకోవడానికి ఆనందరావు ఆ పెట్టెలోంచి తండ్రి గాలాలు, బెండ్లు తీసేసి అరల్లో మఖ్మల్ గుడ్డ పరిచాడు.

"బాపు యాది అది. గట్లెట్ల ఖాళీ చేస్తవ్?" అంది భార్య కళావతి.

"మంచం కింద తుప్పు పడుతది. గిప్పుడన్నా పనికొస్తది."

ఛత్రినాకలో గోపాలకృష్ణ ఇంటి మేడ మీద బాట పరిచారు. మొదటి ఆదివారమే అతని తల్లి రాధాబాయి గుమ్మంలో అడ్డం నిలబడింది.

"చేపల డబ్బా లోపలికి తేవద్దు."

చింతపండుతో తోమి కొత్త రంగు వేశానని ఆనందరావు చెప్పినా ఆమె వినలేదు. పెట్టె వాకిట్లోనే ఉండిపోయేది. కార్లను తువ్వాలలో చుట్టుకుని పైకి తీసుకుపోయేవారు.

"ముసలామె. ఫికర్ చెయ్యకు," అనేవాడు గోపాలకృష్ణ. ఆనందరావు చెయ్యలేదు. ఆట మీద అంత ఇష్టం. రేకు కత్తిరించి, సాన పట్టి, సొంతంగా ఒక ఎర్ర కారు కూడా చేశాడు. దాన్ని మరే కారూ దాటలేకపోయేది.

కొన్నేళ్లకు గోపాలకృష్ణ ఆఫీసరై సికింద్రాబాదులో ఒక క్లబ్బులో చేరాడు. బాట కూడా అక్కడికి మారింది. "నువ్వు లేకుంటే కార్లు నడవయి, రా," అని పిలిస్తే ఆనందరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పెట్టెతో బస్సెక్కాడు.

క్లబ్బులో ఒక పెద్దమనిషి పెట్టె చుట్టూ తిరిగి చూశాడు. "భలే పాత పెట్టె. ఎక్కడిది?"

"మా ఫాదర్‌ది. ఫిషింగ్ అంటే ఆయనకు ప్రాణం," అన్నాడు గోపాలకృష్ణ.

"మరి ఇతను?"

"మా ఫ్యాక్టరీ మనిషి. సామాను మోసుకొచ్చిండు."

ఆనందరావు పెట్టె మూత ఎత్తాడు. కార్లన్నీ తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. మూత వేశాడు.

"ఏంది ఆనంద్, అందరి ముంగట లొల్లి జేస్తవా?" గొంతు తగ్గించి అడిగాడు గోపాలకృష్ణ.

"లొల్లి ఎక్కడిది పంతులూ? డబ్బా మా బాపుది. తీస్కపోతున్న."

బస్సు చార్మినార్ దాటాక గుర్తొచ్చింది, కోపంలో ఎర్ర కారు కూడా బల్ల మీదే వదిలేశానని. దిగి వెనక్కి వెళ్లడానికి మనసు ఒప్పలేదు.

సోమవారం ఆఫీసు గది తలుపు దగ్గర నిలబడి అడిగాడు. "ఆ ఎర్ర కారు నాది సార్."

గోపాలకృష్ణ ఫైలు మీంచి తల ఎత్తలేదు. "ఏ ఎర్ర కారు?"

ఆనందరావు వెనక్కి తిరిగి వచ్చేశాడు. మరుసటి నెల అతన్ని కొలిమి సెక్షన్‌కు వేశారు. ఎవరు వేయించారో అతను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ కారుతోనే గోపాలకృష్ణ క్లబ్బులో కప్పు గెలిచాడని క్యాంటీన్‌లో ఎవరో అనుకుంటుంటే టీ సగంలో వదిలేసి లేచాడు.

ఆదివారాలు బరువయ్యాయి. చర్చి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. గల్లీలో ఎవరైనా చెడిపోయిన ఫ్యానో రేడియోనో తెచ్చి "జర చూడన్నా" అంటే, తల కూడా తిప్పకుండా అనేవాడు, "నాకు రాదు భాయ్."