తువ్వాల కింద ట్రిగ్గర్

రాయచూరు గంజ్ మార్కెట్లో గోపాలయ్యలు ముగ్గురు. లారీలు తూచే ధర్మకాటా నడిపేవాడు కాటా గోపాలయ్య. గేటు పక్కన పాన్‌డబ్బా పెట్టుకున్నవాడు పాన్ గోపాలయ్య. మూడో ఆయన పత్తి వ్యాపారి. నడుముకు రివాల్వరు కట్టుకుని తిరుగుతాడు కాబట్టి పిస్తోల్ గోపాలయ్య. రివాల్వరు వేరు, పిస్తోలు వేరు అని ఆయన గంజ్‌కు చాలాకాలం చెప్పి చూశాడు. గంజ్ వినలేదు.

ఆ రివాల్వరు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి కాలంలో పల్లెల్లో పత్తి కొనాలంటే రొక్కం మూటగట్టుకుని బండి మీద పోవాలి కాబట్టి దానికొక పని ఉండేది. ఇప్పుడు డబ్బంతా ఫోన్లో పోతుంది. గిల్లేసూగూరు దారిలో గోపాలయ్యను ఎవరైనా అటకాయించినా వాళ్లకు దొరికేవి బీపీ మాత్రలు, లవంగాల డబ్బీ, ఒక కాడ వదులైన కళ్లజోడు. ఈ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అయినా రోజూ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, రివాల్వరు కట్టుకుని, అది కనపడీ కనపడకుండా పైన తువ్వాల వేసుకుని బయల్దేరేవాడు. దాన్ని ఎన్నడూ దేనిమీదా పేల్చలేదు. ఎన్నికలప్పుడు లైసెన్సున్న అందరిలాగే పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి వస్తే, మళ్లీ తెచ్చుకునేదాకా నడుము ఒక పక్క తేలికై నడక వంకరపోయేది.

నిరుడు స్టేషన్ రోడ్డులో తుపాకుల దుకాణం నడిపే మహాంతేశ్ దాన్ని విప్పి చూసి, సిలిండరు అరిగిపోయింది, ఇక దసరాకు పూజ చేసుకోవడానికే పనికొస్తుందని తేల్చేశాడు. పాతది ఇచ్చేసి కొత్తది కొనుక్కోవడానికి కలెక్టరాఫీసు నుంచి అనుమతి వచ్చింది. దానికొక గడువు పెట్టారు. ఆ గడువు దాటితే లైసెన్సు పోయినట్టే, ఈ వయసులో మళ్లీ ఇస్తారన్న ఆశ లేదు.

తుపాకీ పోతే గోపాలయ్యకు పెద్ద బాధ లేదు. పేరు పోతుందన్నదే బాధ. ఖాళీ అయిన చోటికి ఏ పేరు వచ్చి కూర్చుంటుందో కూడా ఆయనకు తెలుసు. మధ్యాహ్నం పత్తి కుక్కిన బోరాల మీద ఆయన పెట్టే గురక ధర్మకాటా దాకా వినపడుతుంది. హమాలీలు అప్పుడే గురక గోపాలయ్య అనడం మొదలుపెట్టారు. కాకపోతే ఆయన పడుకున్నాకే అంటారు.

అందుకని ఆయన చదువు మొదలుపెట్టాడు. ఫోన్లో వీడియోలు చూసి చూసి స్ట్రైకర్ పిస్తోళ్ల మీద గంజ్ మొత్తానికి పాఠం చెప్పే స్థాయికి వచ్చాడు. వీటికి బయట సుత్తి ఉండదు. లోపలి సూది స్ప్రింగు మీద సగం లాక్కుని కూర్చుంటుంది, ట్రిగ్గర్ మిగతా సగం లాగి వదిలేస్తుంది. ట్రిగ్గర్ నడుమ సన్నని నాలుక ఒకటి ఉంటుంది. దాని మీద వేలు పడితే తప్ప ట్రిగ్గర్ కదలదు కాబట్టి, పిస్తోలు చెయ్యి జారి కింద పడినా పేలదు. కొన్నింటికి ఇవి చాలవని బొటనవేలితో వేసి తీసే మీట కూడా పెడతారు. ఈ మీటంటే గోపాలయ్యకు చిన్నచూపు. “మీట పెట్టిన పిస్తోలంటే తాళమేసిన గొడుగు. వాన పడంగ తాళంచెవి ఎదుక్కోవాల” అని పాన్‌డబ్బా దగ్గర రోజూ చెప్పేవాడు.

ఇంట్లో అభ్యాసానికి గ్యాస్ లైటర్ దొరికింది.

“పొయ్యి ఈడుంటె ఆడేం ముట్టిస్తున్రు?” అని భార్య సౌభాగ్యలక్ష్మి వంటింట్లోంచి అడిగింది.

“ట్రిగ్గర్ జూస్తున్న. ఇగో, మొదట కొంచెం ఊకెనె వస్తది. తర్వాత గోడకు తగిలినట్ల ఆగుతది. ఆడికెల్లి నొక్కితె టక్కుమంటది. దాన్ని బ్రేక్ అంటరు.”

“మనింట్ల దాన్ని చాయ్ అంటరు. ఇటియ్యండి.”

ఆయన లైటర్ తీసుకుని హాల్లోంచి వంటింటి దాకా నడిచాడు. దారి పొడుగునా అది టక్కుటక్కుమంటూనే ఉంది.

“చేతిల పడ్డదంటె మీ వేలు ఊకోదు” అంది ఆమె.

“అది బేరగాని వేలు. దానికి తెలివుంటది” అన్నాడు గోపాలయ్య.

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. గంజ్‌లో ఇప్పుడంతా కంప్యూటర్ టెండరే అయినా, యాపలదిన్ని, చంద్రబండ లాంటి ఊళ్లలో పాతకాలపు రైతులు ఇంటి ముందు పత్తి అమ్మేటప్పుడు నలుగురి ఎదుట ధర పలకరు. ఇద్దరి చేతులూ తువ్వాల కిందికి పోతాయి. వేళ్లు పట్టుకుని నొక్కితే అదే ధర, తిరిగి నొక్కితే అదే జవాబు. తువ్వాల కింద పెట్టిన వేలు కదలకుండా ఉంటే బేరం ఇష్టం లేదని అర్థం, ఎదుటివాడు చెయ్యి లాక్కుని లేచిపోతాడు. గోపాలయ్య చూపుడువేలు పుట్టి బుద్ధెరిగాక తువ్వాల కింద ఊరికే ఉన్నది లేదు. ట్రిగ్గర్ మంచిచెడ్డలు వేలితో తెలిసేవే అయితే తన వేలిని మించినది ఈ జిల్లాలో లేదని ఆయన నమ్మకం.

గడువు చివరి వారంలో మహాంతేశ్ దుకాణానికి బయల్దేరితే సౌభాగ్యలక్ష్మి కూడా చెప్పులు వేసుకుంది.

“నువ్వెందుకే?”

“స్కూటర్ మీద మీ ఎనక కూసునేది నేను. అది ఏ దిక్కు జూస్తదో నాకు తెల్వాల గద.”

మహాంతేశ్ మిలిటరీ నుంచి వచ్చినవాడు, మాట మెల్లగా ఉంటుంది. రెండు పిస్తోళ్లు బల్ల మీద పెట్టాడు. ఒక్కొక్కదానికి తూటాలుండే మేగజైన్ తీసి, స్లైడు వెనక్కి లాగి, లోపల తూటా లేదని తాను చూసి, గోపాలయ్యకు చూపించి, సౌభాగ్యలక్ష్మికి కూడా చూపించాడు.

“ఇది మీట లేంది. ఇది మీట ఉండేది. గోడ తట్టు చూపించి నొక్కండి, సావుకారె.”

గోపాలయ్య భుజం మీది తువ్వాల తీసి పిస్తోలు మీదా తన చేతి మీదా పరిచాడు.

“ఏమి సావుకారె, చళి ఆయితా?” అని చలేసిందేమో అన్నట్టు అడిగాడు మహాంతేశ్.

“కండ్లు జూస్తె వేలికి సరిగ్గ తెలువది” అని కళ్లు మూసుకున్నాడు గోపాలయ్య.

మీట లేనిది ఆయనకు మొదటి నొక్కులోనే నచ్చింది. కొంచెం దూరం ఊరికే వచ్చి ఒకచోట ఆగింది, ఆ ఆగడంలో ఏ అనుమానమూ లేదు. ఇంకాస్త నొక్కగానే ఎండుపుల్ల విరిగినట్టు తెగింది. మహాంతేశ్ స్లైడు లాగి మళ్లీ సిద్ధం చేస్తే, వేలు కొద్దిగా సడలించేసరికి ట్రిగ్గర్ చిన్న టిక్కుతో తన చోటికి వచ్చేసింది. ఒక్క మాట మీద నిలబడే పెద్దమనిషి అనుకున్నాడు. రెండోది గీకుతూ వచ్చింది. ఎక్కడ ఆగిందో తెలియలేదు, ఎప్పుడు తెగుతుందో తెలియలేదు.

“ఇది యాపలదిన్ని సూగప్ప” అన్నాడు కళ్లు తెరవకుండానే. “పొద్దుగూకెదాక గీకుతనే ఉంటడు. ఇస్త అనడు, ఇయ్య అనడు. నాకు మొదటిదే ఇయ్యి.”

“వేలు చూసింది. ఇప్పుడు నడుము చూడాల” అన్నాడు మహాంతేశ్. “తొడుగులో పెట్టి కట్టుకోండి. రోజూ మాదిరే తువ్వాల కప్పుకోండి. కూసోండి, లేవండి, బయటికి తీసి మళ్లీ పెట్టండి. వేలు మాత్రం ట్రిగ్గర్ మీద వద్దు. పక్కన సాచి ఉండాల.”

గోపాలయ్య కట్టుకున్నాడు, కూర్చున్నాడు, లేచాడు. పిస్తోలు బయటికి తీశాడు. వేలు బుద్ధిగా పక్కన చాచుకుని ఉంది. భార్య వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెయ్యి తువ్వాల కిందికి పోనిచ్చి, పిస్తోలును తొడుగులోకి దించాడు.

టక్.



“ఏంది ఆ సప్పుడు?” అంది సౌభాగ్యలక్ష్మి.

“తొడ, అక్కా” అన్నాడు మహాంతేశ్.

స్లైడు లాగి మళ్లీ చేయించాడు. మళ్లీ టక్. తువ్వాల తీసేసి చేస్తే వేలు చాచుకునే ఉంది. తువ్వాల కప్పగానే వంగిపోయింది. గోపాలయ్య తన వేలిని ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు. నొక్కమని దానికి ఆయన చెప్పలేదు. తువ్వాల కింద తన పని తాను చేసుకుపోయింది. బేరంలో ఊరికే ఉన్న వేలంటే ఏమిటో మహాంతేశ్‌కు వివరించబోయి, సగంలో ఆగిపోయాడు.

“మరి తొడ ఎంతకు కుదిరింది?” అని అడిగింది సౌభాగ్యలక్ష్మి.

“తువ్వాల వదిలేయండి. బుష్‌షర్టు వేసుకోండి” అన్నాడు మహాంతేశ్.

“తువ్వాల ఇడిస్తె యాపారం ఎట్ల జేస్తనయ్యా?”

ఇక మిగిలింది సూగప్పే. మీట పైకి వేసి తొడుగులో పెట్టి అదంతా మళ్లీ చేశాడు. తువ్వాల కింద వేలు వంగింది, నొక్కింది కూడా. ట్రిగ్గర్ కదల్లేదు. గోపాలయ్య ఇంకోసారి, ఈసారి కావాలనే నొక్కాడు. ఒకడు బేరానికి ఒప్పుకోనందుకు ఆయన సంతోషపడడం ఇదే మొదలు. పాన్‌డబ్బా దగ్గర తాళమేసిన గొడుగు గురించి తాను చెప్పిందంతా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

“మీటను నమ్మి వేలును వదిలేయొద్దు” అన్నాడు మహాంతేశ్. “మీట తీసేది కూడా మీ బొటనవేలే. ఒకరోజు అది కూడా దీనితో కలిసిపోతుంది. ఈ చేతికి పిస్తోలు ఇయ్యాలంటే నాకే మనసు రావట్లే, సావుకారె.”

గోపాలయ్య కుర్చీలో కూర్చుండిపోయాడు. గడువు గుర్తొచ్చింది. పత్తి బోరాలు గుర్తొచ్చాయి.

“బేరం జేసేది కుడిచెయ్యే గద” అంది సౌభాగ్యలక్ష్మి. “ఎడమచెయ్యికి ఆ ఇద్య రాదు.”

మహాంతేశ్ ఆమె వైపు చూసి, లోపలి నుంచి ఎడమ నడుముకు కట్టే తొడుగు ఒకటి వెతికి తెచ్చి దుమ్ము దులిపాడు. ఎవరూ అడగక మిగిలిపోయినదట. ఎడమచెయ్యి తువ్వాల కిందికి వెళ్లి పిస్తోలును దించింది. వేలు చాచుకునే ఉంది. ఎన్నిసార్లు చేసినా అంతే. గొడుగు పట్టుకోవడం, సంచి మోయడం తప్ప పాపం దానికేమీ తెలియదు. ఒకటే చిక్కు. మీట కుడిచేతి బొటనవేలి కోసం పెట్టింది. ఎడమ బొటనవేలికి అందదు. ఎడమచేత్తో పిస్తోలు తీసి, కుడిచెయ్యి సాయం వచ్చాక మీట దించాలి.

“దొంగ వస్తే?” అన్నాడు మహాంతేశ్.

“అంతవరకు కూసోవెడ్త. చాయ్ పోస్త” అంది ఆమె.

గోపాలయ్య సూగప్పనే కొన్నాడు. మేగజైన్ జేబులో విడిగా పెట్టుకోవడానికి కూడా ఒప్పుకున్నాడు. తన పిస్తోలును ఇప్పుడు తాను తప్ప ఎవరైనా తొందరగా పేల్చగలరని లెక్క తేలింది. స్కూటర్ మీద ఇంటికి వస్తుంటే వెనక సౌభాగ్యలక్ష్మి కుడి పక్కకు జరిగి కూర్చుంది.

పత్తి సీజను మొదలయ్యాక యాపలదిన్నిలో అసలు సూగప్ప ఇంటి ముందు బేరం పడింది. చేతులు తువ్వాల కిందికి పోయాక సూగప్ప ఆయన ఎడమ నడుము చూశాడు.

“పిస్తోలు దిక్కు మార్చిందేంది, సావుకారి?”

దీనికి గోపాలయ్య ఒక జవాబు తయారుగా పెట్టుకున్నాడు. కొత్తరకం పిస్తోళ్లు ఎడమనే కట్టుకోవాలని, పెద్ద పెద్ద దేశాల్లో అంతేనని. చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో తువ్వాల కింద సూగప్ప ధర నొక్కాడు, గోపాలయ్య వేలు అడక్కుండానే తిరిగి నొక్కేసింది. చూస్తే అది తాను ఇద్దామనుకున్నదానికంటే ఎక్కువ ధర. ఇక అబద్ధం చెప్పే ఓపిక పోయింది.

“ఈ వేలు జేసిన పనే” అని దుకాణంలో జరిగిందంతా చెప్పాడు, తొడ సంగతితో సహా.

సూగప్ప కడుపు పట్టుకుని నవ్వడానికి రెండో చెయ్యి వాడుకున్నాడు. మొదటి చెయ్యి తువ్వాల కిందే ఉంచి ధర ఖాయం చేసుకున్నాడు.

మర్నాటికి కథ గంజ్ చేరింది. పేరు మాత్రం పోలేదు, కొంచెం పొడుగైంది. పాన్‌డబ్బా దగ్గర ఇప్పుడు ఎడమ పిస్తోల్ గోపాలయ్య అంటారు. తాళమేసిన గొడుగు ఎట్లుందని అడుగుతారు, ఆయన బాగుందని చెబుతాడు. మధ్యాహ్నం బోరాల మీద గురక మొదలుకాగానే ఒక హమాలీ చప్పుడు చెయ్యకుండా వచ్చి, ఆయన చేతుల మీది తువ్వాల తీసి, మడిచి, దూరంగా పెట్టిపోతాడు.