మేనత్త కుట్టుమిషను

ఇంటిల్లిపాదీ చిరుత అని పిలుచుకునే పరుగుపందేల పిల్ల, సాధనలో చీలమండ బెణికి ఇంట్లో కూలబడింది. కట్టు విప్పాక పాదాన్ని మెల్లగా పైకీ కిందకీ ఆడించమన్నాడు డాక్టరు. ఆడిస్తే నొప్పి, మానేస్తే భయం. మళ్లీ పరిగెత్తగలనా అన్న దిగులు ఆమె ముఖాన్ని మబ్బులా కమ్మేసింది.

బట్టలు కుట్టే మేనత్త అది చూసి, మిషను దగ్గర ఇంకో కుర్చీ వేసింది.

"నా మోకాళ్లు ఎలాగూ మొరాయిస్తున్నాయి. నువ్వు తొక్కవే, నేను కుడతాను."

చిరుత తొక్కిన తొక్కుడికి దారం పుటుక్కున తెగింది.

"ఒసేయ్, ఇది గౌనే తల్లీ, పందెం కాదు! ఎవరు తరుముకొస్తున్నారే నిన్ను?"

"అలవాటైపోయింది అత్తా!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అత్త మళ్లీ దారం ఎక్కించింది. ఈసారి పాదం, వాన వెలిశాక చూరు నుంచి జారే చినుకుల్లా నింపాదిగా కదిలింది. అత్త వేళ్ల కింద నుంచి నీలం బట్ట చిన్న ఏరులా సాగిపోయింది.

అంచు కుట్టడం పూర్తయ్యాక అత్త అడిగింది. "నొప్పిగా ఉందా?"

ఇంతసేపూ నొప్పి సంగతే మరిచిపోయానని చిరుతకు అప్పుడు తెలిసింది. అత్త భుజం మీద తల వాల్చి, మెల్లగా అంది.

"ఇంకా కుట్టాల్సినవి ఉన్నాయా అత్తా?"