కింది అర సంగతి

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను కొలిమక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా అక్కడి పెద్ద ఫర్నేస్ ఆమె చేతిలోనే ఉంది. గ్యాసును మండించకుండానే కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్స్ తయారుచేసే చోటు అది. ఆ సెల్‌కు ప్రాణమంతా అరచేయంత పింగాణీ బిళ్ళలో ఉంటుంది. పచ్చి బిళ్ళను పద్నాలుగు వందల డిగ్రీల్లో కాలిస్తే పొడి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, గాలి కూడా దూరనంత గట్టిపడతాయి. సన్నని రంధ్రం ఒక్కటి మిగిలినా గ్యాసు కారిపోతుంది, సెల్ పనికిరాదు.

ఆ ఏడాది కొత్తగా చేరిన ఇంజనీరమ్మ, పొడిలో చిటికెడు కోబాల్ట్ కలిపితే పదకొండు వందల డిగ్రీలకే బిళ్ళ గట్టిపడుతుందని చెప్పింది. కరెంటు ఖర్చు కలిసొస్తుంది, సెల్‌లోని మిగతా పొరలు మాడవు, ఇంత పెద్ద ఫర్నేస్ అవసరమే ఉండదు. ఆ చివరి మాట దగ్గరే కొలిమక్క ఆగిపోయింది. మోకాళ్ళు అరిగి ఆమె భర్త డ్రైవింగ్ మానేసి రెండేళ్లయింది. యాభై దాటాక ఇంకో పని ఎవరిస్తారు?

మొదటి ప్రయోగానికి కొలిమక్క ఫర్నేస్‌లోని నాలుగు అరల్లో నలభై కోబాల్ట్ బిళ్ళలు పేర్చింది. పేరుస్తుంటేనే తట్టింది. ఆ ఫర్నేస్ భగభగమన్నప్పుడే వేడి మూలమూలకూ సమంగా పాకుతుంది. వేడి తగ్గిస్తే కింది అర వెనకబడుతుంది. మరమ్మతుల తర్వాత నెమ్మదిగా వేడెక్కించిన ప్రతిసారీ ఆమె చూసిందే. వేడి కొలిచే తీగ పైనెక్కడో ఉంటుంది కాబట్టి మీటరులో అది కనపడదు. చెప్పబోయి నోరు మూసుకుంది.

చల్లారాక బిళ్ళలన్నీ ఏ అరవి ఏవో గుర్తు లేకుండా ఒకే ట్రేలో సర్దింది. ఎప్పుడూ అలాగే సర్దుతుంది. అయినా ఆ రోజు చేసింది అలవాటుతోనేనా అన్నది ఆమెకే తెలియదు. ఇంజనీరమ్మ ఒక్కోదానిమీద ఎర్రరంగు చుక్క వేసి వెనక్కి తిప్పింది. పదకొండింటిలో ఎరుపు అవతలికి దిగింది, అంటే వాటికి రంధ్రాలున్నట్టే. మేనేజరు ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. అదీ తప్పితే ప్రయోగం మూసేయడమే, ఇంజనీరమ్మ ఉద్యోగమూ ఖాయం కాదు.

ఆ పిల్ల రెండు రోజులు తిండి మానేసి పొడి నూరింది. వేళ్ళన్నీ నల్లబడ్డాయి.

“నా పొడిలోనే ఏదో తప్పుందక్కా. ఎక్కడో తెలియట్లేదు,” అంది.

కొలిమక్క ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఏమైందని భర్త రెండుసార్లు అడిగాక అంతా చెప్పింది.

“మోకాళ్ళు పోయింది నాకు. నువ్వెందుకే కూలబడ్డావ్?” అన్నాడు ఆయన. “పొద్దున్నే వెళ్ళి చెప్పెయ్. తర్వాతి సంగతి తర్వాత.”

మర్నాడు ఇంజనీరమ్మ గది తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. “పొడిలో తప్పు లేదమ్మా. కింది అరకి వేడి చాలట్లేదు. నాకు ముందే తెలుసు.”

“ముందే అంటే?”

“పేర్చేటప్పుడే.”

ఇంజనీరమ్మ చేతిలోని పొడి కొలిచే చెంచా కింద పెట్టింది. కోప్పడుతుందని కొలిమక్క ఎదురుచూసింది. కోప్పడినా బాగుండేది.

“ఎంత వెనకబడుతుంది?” అని మాత్రం అడిగింది ఆ అమ్మాయి.

“ముప్ఫై డిగ్రీలుండచ్చు. ఆ వేడిమీదే ఇంకో రెండు గంటలు ఉంచితే అందుకుంటుంది.”

అలాగే ఉంచారు. ఈసారి చుక్కలు వేస్తున్నంతసేపూ కొలిమక్క గోడకానుకుని నిలబడింది. ముప్ఫై తొమ్మిది బిళ్ళల వెనక ఎరుపు జాడే లేదు. ఒకటి తిప్పుతుండగా విరిగింది.

ఆర్నెల్లకు పెద్ద ఫర్నేస్ ఆపేశారు. దాని చోట రెండు చిన్నవి వచ్చాయి. ఒకదాన్ని కొలిమక్కకే అప్పగించాలని ఇంజనీరమ్మ రాసిచ్చింది. కానీ బిళ్ళలు పేర్చిన ప్రతిసారీ, తలుపు వేసేముందు వచ్చి నిలబడి, “ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?” అని అడుగుతుంది. మామూలుగానే అడుగుతుంది. కొలిమక్క మాత్రం ప్రతి అరా మళ్ళీ తొంగి చూసుకుంటే గానీ “లేదు” అనలేకపోతుంది.