ప్లగ్గు పోయిందన్న మా అన్న

పోయిన మంగళవారం పొద్దున్నే ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది. మా అన్న నిద్రలోనే పోయాడట. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఏ చిన్న సంగతినైనా వీధంతా వినేలా చెప్పే మనిషి, ఒక్క ముక్క చెప్పకుండా ఎట్లా పోతాడు? ఇప్పటికీ బయట మోటార్ సైకిలు ఆగిన చప్పుడైతే తలుపు దాకా వెళ్లి చూసి వస్తున్నాను.

డెబ్బయ్యో దశకం చివర్లో మా ఇంట్లో రెండు మగ్గాలు ఆడేవి. ఒకదాని మీద నేను, ఇంకోదాని మీద వదిన. మేం నేసిన పట్టుచీరలు మూటగట్టి, పాత మోటార్ సైకిలు మీద పెనుకొండ మీదుగా హిందూపురం అంగళ్లకు చేర్చేది అన్న. ఆ బండి ఎప్పుడు మొరాయిస్తుందో దానికే తెలియదు. ఇంకెవరైనా అయితే చెమటలు కక్కుతూ కిక్కు కొడతారు. మా అన్న చెప్పులు విడిచి, నింపాదిగా దాని పక్కన గొంతుకూర్చునేవాడు.

"తప్పు ఒక్కచోటే ఉంటాదమ్మా. మనమే ఊరంతా ఎతుకుతాము" అనేవాడు.

ముందు ప్లగ్గు ఊడదీసి, తీగ తగిలించి, ఇంజను మీద ఆనించి కిక్కు కొట్టి చూసేవాడు. నీలంగా నిప్పురవ్వ దూకితే సరే. దూకకపోతే ఒక్కొక్క తీగే విప్పుకుంటూ పోయేవాడు, వరస తప్పకుండా. తప్పు దొరికిందా, ఇక ఆయన్ను పట్టలేం. దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చూపించేవాడు. "చూడప్పా, ఈడ తెగినాది! నేనే సరిగ్గా బిగించలా" అని పకపకా నవ్వేవాడు. తన తప్పైనా దాచడం ఆయనకు చేతకాదు.

వదిన తొలి కాన్పుకు హిందూపురంలో పుట్టింటికి వెళ్లింది. నెల తిరగకముందే కబురొచ్చింది. నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది, ఆసుపత్రిలో చేర్చాం, వెంటనే రమ్మని. అన్న నన్ను వెనక ఎక్కించుకుని బయలుదేరాడు. పెనుకొండ దాటాక, మిట్టమధ్యాహ్నం, బండి టక్కున ఆగిపోయింది. దారిలో బస్సు జాడ లేదు.

అన్న కూర్చున్నాడు. ఎంత తొందరలో ఉన్నా వరస తప్పలేదు. నిప్పు లేదు. కొత్త ప్లగ్గు పెట్టాడు. లేదు. చివరికి, బండిని ఆపే తాళం దగ్గరికి పోయే తీగను విప్పేసి కిక్కు కొడితే, దూకింది! అంటే ఇంజను బాగానే ఉంది, తప్పు ఆ తీగలోనే. దాన్ని వేళ్లతో తడుముకుంటూ పోయి, హ్యాండిల్ కింద ఆగిపోయాడు.

తీగ తొడుగు చిట్లిన చోట జరీ చుట్టి ఉంది. పోగు పక్కన పోగు, ఎంత ఒద్దికగానో. పుట్టింటికి పోయే ముందు వదిన చేసిన పని అది. మా నేత ఇళ్లలో ఏది చిట్లినా, ఊడినా, మిగిలిన జరీతో చుట్టేయడం అలవాటు. జరీలో ఉన్నది లోహమేనని, అది కరెంటును బండి ఇనుములోకి ఒంపేస్తుందని ఆమెకేం తెలుసు? ఆనాటి గతుకులకు జరీ జారి లోపలి రాగిని తాకింది.

నాకు ఒళ్లు మండింది. "ఈ వదినకు బుద్ధుండాదా?"

"అనగాకు" అన్నాడు అన్న. "ఆడ నొప్పులు పడతాండాది."

జరీ విప్పి జేబులో పెట్టుకున్నాడు. తువ్వాలు అంచు చింపి తీగకు చుట్టాడు. బండి కదిలింది.

మేం చేరేసరికి బిడ్డ పుట్టడమూ, పోవడమూ అయిపోయాయి. ఆడపిల్ల. మా కోసం చూసి చూసి, అప్పుడే పూడ్చడానికి తీసుకెళ్లారట. వదిన ప్రాణం మాత్రం దక్కింది.

"ఏమప్పా, ఇంత ఆలస్యమా?" అన్నాడు వదిన నాయన.

"ప్లగ్గు పోయింది మామా. చూసుకోకుండా బయలుదేరినా" అన్నాడు అన్న, తల వంచుకుని. నావైపు ఒక్క చూపు చూశాడు. బిడ్డ ముఖం తండ్రి చూడలేకపోయింది తన జరీ వల్లేనని తెలిస్తే వదిన బతికినన్నాళ్లూ కుమిలిపోయేది.

వదినకు తెలియలేదు. ఆమె పోయి కూడా చాలా ఏళ్లయింది కాబట్టే ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ మాట తెలిసినవాళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం. ఎక్కడ ప్లగ్గు మాట వచ్చినా ఒకరినొకరం చూసుకునేవాళ్లం. ఇప్పుడు నేను ఎవరిని చూడాలి, అన్నా? ఒక్కసారి వచ్చి పక్కన కూర్చోకూడదా?

వదినను ఆసుపత్రి నుంచి పంపించిన రోజు, నేను ముందుగా బయటికి వచ్చాను. అన్న బండి దగ్గర కూర్చుని, తీగకున్న గుడ్డ పీలిక మీద ఆ జరీనే మళ్లీ చుడుతున్నాడు. నేత రాని చెయ్యి, పోగులు ఎగుడుదిగుడుగా పడుతున్నాయి. వదిన చూస్తే ఇట్టే పట్టేస్తుంది. "జరుగు" అని ఆయన్ను తోసి, వదిన చుట్టినట్టే చుట్టాను.

వదిన నెమ్మదిగా నడిచి వచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంది. వంగి హ్యాండిల్ కింద తడిమింది.

"ఇంకా ఊడిపోలేదే?" అంది.

"నువ్వు చుట్టింది యాడ ఊడతాది?" అన్నాడు అన్న.

బిడ్డ పోయాక వదిన నవ్వడం అదే మొదలు. ఆమె ఆ జరీ మీది నుంచి చెయ్యి తీసేదాకా, అన్న బండిని పట్టుకుని ఎండలో కదలకుండా నిలబడ్డాడు.