ఆలస్యం ఎవరిదో రాసిన డాక్టరుగారు

భీమవరం దాటి బస్సు చేల మధ్యకు రాగానే కిటికీలోంచి పురుగుమందు వాసన గుప్పుమంది. పక్క సీటులో ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు డాక్టర్ సత్యవతిగారు గుర్తొచ్చారు. పొట్టి మనిషి, ముతక నేతచీర, వరండా చివరిదాకా వినిపించే గొంతు. తొంభైల చివర్లో మా డెల్టాలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో ఆవిడ మత్తుమందు డాక్టరు. ఊరి పేరు రాయను. అక్కడ జరిగింది ఆ ఒక్క ఊరిలోనే జరిగిందని ఎవరూ అనుకోకూడదు.

ప్రాణం మీదికొచ్చి ఆసుపత్రికి చేరినవాళ్ళు ఎందుకు దక్కడం లేదో తెలుసుకోవడానికి, ప్రభుత్వం ఇచ్చిన నిధులతో ఆవిడ ఒక పరిశోధన మొదలుపెట్టారు. పోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వివరాలు రాసుకురావడానికి మనిషి కావాలన్నారు. మండపేటలో డిగ్రీ పూర్తిచేసి, మిల్లు గుమాస్తా అయిన మా నాన్న తెచ్చే సంబంధాలను ఎలా తప్పించుకోవాలా అని చూస్తున్న నేను, ఆ ఉద్యోగానికి వెళ్ళాను.

"ఏడుస్తున్న మనిషిని ప్రశ్నలు అడగగలవా అమ్మాయ్?" అన్నారు.

"అడగలేనేమోనండి," అన్నాను.

"అయితే రేపట్నుంచి రా. అడగగలమన్న ఇద్దర్నీ ఇందాకే పంపించేశాను."

పని చెప్పడానికి తేలిక. మనిషికి బాగోలేదని ఇంట్లో ఎప్పుడు గమనించారు, ఎప్పుడు బయల్దేరారు, ఆసుపత్రి గేటు ఎప్పుడు దాటారు, వైద్యం ఎప్పుడు మొదలైంది. ఇంటివాళ్ళు చెప్పినదాన్ని గేటు దగ్గర వాచ్‌మన్ రాసే పుస్తకంతోనూ, వార్డులోని కేసు షీటుతోనూ సరిచూడాలి. చేయడం మాత్రం అంత తేలిక కాదు. మొదటి నెలలోనే నేనొక తప్పు చేశాను. రేవు దాటి వెళ్ళిన ఒక ఇంట్లో ముసలాయన బయల్దేరిన వేళ చెప్పలేకపోయాడు. మళ్ళీ పడవెక్కి వెళ్ళడానికి బద్ధకించి, "దారిలో సుమారు అరగంట" అని నేనే రాసేశాను. డాక్టరుగారు ఆ కాగితం చూసి కళ్ళజోడు తీశారు.

"ఈ అరగంట ఎవరు చెప్పారు?"

నేనే వేశానని ఒప్పుకున్నాను.

"ఆ మనిషికి ఉన్నదే కొద్ది సమయం. అందులో అరగంట నీ ఇష్టమొచ్చినట్టు రాసేస్తావా? తెలియకపోతే తెలియదని రాయి. ముందు వెళ్ళి మళ్ళీ అడుగు."

రోషంతో వెళ్ళాను. ఎదురింటి ఆవిడ, తను పిల్లల్ని బడికి పంపే వేళకే వాళ్ళు బయల్దేరారని చెప్పింది. గేటు దాకా రావడానికి పట్టింది అరగంట కాదు, రెండు గంటలు. తిరిగొచ్చేటప్పుడు పడవలో నాకు రోషం మిగల్లేదు.

నరసాపురం దగ్గరి పల్లెలో నాగమణి ఉండేది. లేసు అల్లేది. ఆమె భర్త చేలో మందు కొడుతుంటే ఎదురుగాలికి ఒళ్ళంతా తడిసి, నోట్లో నురగతో ఇంటికొచ్చి పడ్డాడు. ఆమె అతని బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్ళు కడిగి, ఆటోలో తీసుకెళ్ళింది. అతను దక్కలేదు. కేసు షీటులో "ఆలస్యంగా తీసుకువచ్చారు" అని రాసి ఉంది. "పీకల మీదికొస్తే స్నానం చేయిస్తూ కూర్చుని నా కొడుకుని చంపేసింది," అని అత్తగారు వీధి వీధంతా చెప్పింది.

నేను అడుగుతున్నంతసేపూ నాగమణి సూది ఆపలేదు. "నేనే ఆలస్యం చేశానండి. డాక్టర్లు కూడా అదే రాశారు కదండీ," అంది.

వాచ్‌మన్ పుస్తకంలో ఆ ఆటో వచ్చిన వేళ ఉంది. కేసు షీటులో ఆక్సిజన్ పెట్టిన వేళ ఉంది. మధ్యలో దాదాపు గంట. చీటీ కోసం వరసలో నిలబడ్డారు. డాక్టరు కోసం కబురు వెళ్ళింది. సిలిండర్ల గది తాళం ఎవరి దగ్గరుందో వెతికారు. డాక్టరుగారు పుస్తకాన్నీ షీటునూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"కబురు నాకే వచ్చింది," అన్నారు చివరికి. "థియేటర్‌లో ఒకడికి మత్తిచ్చి ఉన్నాను. వదిలి రాలేకపోయాను. అది కూడా రాయి."

"మీ పేరాండీ?"

"నా పేరే. ఇంకొకళ్ళు లేరని కూడా రాయి."

నివేదిక ముగిసే రోజుల్లో పైఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చారు. మర్యాదస్తుడే. టీ తాగుతూ, "మేడమ్, గ్రామాల్లో అవగాహన లేక ఆలస్యంగా తెస్తున్నారని పెట్టండి. అదీ నిజమే కదండీ. రెండో ఏడాదికి అనుమతి ఇప్పించే పూచీ నాది," అన్నారు.

"కొందరి విషయంలో నిజమేనండి. వాళ్ళ గురించి రాశాను. మిగతావాళ్ళు గేటు దాటాక పోయారు."

"అంత పచ్చిగా ఎందుకండీ?"

ఆవిడ లేచి నిలబడ్డారు. "ప్రజల డబ్బు తీసుకుని, తప్పు ప్రజలదేనని రాయమంటారా? రాయనండి. మీరు కావాలంటే ఈ నివేదికని బీరువాలో పెట్టుకోండి. ఒక్క అక్షరం మార్చను."

బీరువాలోనే పెట్టారు. రెండో ఏడాది అనుమతి రాలేదు. ఆవిడకు ఏజెన్సీ ప్రాంతానికి బదిలీ వచ్చింది. నా ఉద్యోగం పోయింది. అయితే ఆవిడ ఊరు విడిచే ముందు నన్ను వెంటబెట్టుకుని నాగమణి ఇంటికి వెళ్ళారు. లోపలికి రమ్మన్నా వెళ్ళలేదు. అత్తగారూ ఇరుగుపొరుగూ వచ్చేదాకా అరుగు ముందే నిలబడ్డారు.

"మందు ఒంటి మీద పడితే ముందు చేయాల్సింది అదేనమ్మా. బట్టలు తీసి కడగడం," అన్నారు ఆ గొంతుతో, వీధంతా వినేలా. "నువ్వు చేసింది వైద్యం. ఆలస్యం మాది. నేనూ ఆ రోజు రాలేకపోయాను."

అత్తగారు మొదట డాక్టరుగారిని తిట్టింది. "ఇప్పుడొచ్చి చెప్తే నా కొడుకొస్తాడా?" అని మట్టి ఎత్తి పోసింది. డాక్టరుగారు చీర దులుపుకోలేదు. నాగమణి మాత్రం సూది పక్కన పెట్టి, అప్పటిదాకా ఎవరి ముందూ ఏడవనట్టు, బిగ్గరగా ఏడ్చింది. కాసేపటికి ఆ ముసలావిడే వెళ్ళి కోడలి పక్కన కూర్చుంది.

కొన్ని నెలలకు ఆ ఆసుపత్రిలో సిలిండర్లు తాళం గదిలోంచి గుమ్మం పక్కకు వచ్చాయి. ఎవరు చెప్పారో, ఎందుకు మార్చారో ఎక్కడా రాయలేదు. నేను డాక్టరుగారికి ఉత్తరం రాసి ఆ సంగతి చెప్తే, "గుమ్మం దగ్గరికి వచ్చాయి కదా, చాలు. నిండుగా ఉన్నాయో లేదో చూశావా?" అని జవాబు రాశారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు నేనొక ఆసుపత్రిలో రికార్డుల విభాగంలో ఉన్నాను. మొన్నొక కుర్ర డాక్టరు ఇచ్చిన షీటులో "ఆలస్యంగా తీసుకువచ్చారు" అని ఉంది. వేళ లేదు. తిరిగి ఇచ్చేశాను.

"గేటు దగ్గరికి ఎన్నింటికి వచ్చారో రాయండి డాక్టరుగారూ."

"మీరు రికార్డు క్లర్కే కదండీ?" అన్నాడు.

"అవునండి. వేళ లేకుండా తీసుకోను."

సూపరింటెండెంటుకు చెప్తానన్నాడు. చెప్పుకోమన్నాను. చివరికి షీటు పట్టుకుని, గేటు దగ్గర అడగడానికి మెట్లు దిగి వెళ్ళాడు. అతను తిరిగొచ్చేదాకా నేను కౌంటరు వదల్లేదు.