లంగరు లేని పడవ

రేవు పైవీధి చివర ఫోటో స్టూడియో నడిపే ఆవిడను ఊరంతా స్టూడియో అక్క అనే పిలిచేది. గుర్తింపు కార్డుల ఫోటోలతో ఆమెకు ఏడాదంతా ఎలాగో గడిచిపోయేది. ఎండాకాలం వస్తే మాత్రం షట్టరు దించేసి, కెమెరా మెడలో వేసుకుని, సముద్రం ఒడ్డున కొండరాళ్ల మీదికి వెళ్లిపోయేది. బండలకు అంటుకున్న ఆల్చిప్పలను గోకి తీసే ఆడవాళ్లు, పడవలు బోర్లించి తారు పూసే మగవాళ్లు, రాళ్ల మధ్య నిలిచిన నీళ్లలో ఈత నేర్చుకునే పిల్లలు, ఆమె ఫోటోల నిండా వీళ్లే. ఆ ఏడాది జాలర్ల సంఘం వాళ్లు తమ క్యాలెండరుకు బొమ్మలు కావాలని అడిగారు. సరేనంది గానీ, మనసు పీకుతూనే ఉంది.

అంతకు ముందు ఒక వేసవిలో, రేవు దాటుతున్న పడవనొకదాన్ని ఆమె ఫోటో తీసింది. చుక్కాని దగ్గరున్న మనిషి చెయ్యెత్తి నవ్వాడు. అతను మళ్లీ ఒడ్డుకు రాలేదు. ఆ నవ్వే ఫ్రేములో ఒదిగి వాళ్లింటి గోడకెక్కింది. ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ అప్పట్నుంచి ఆమె కెమెరా ఎత్తితే చాలు, కొందరు వల సర్దుకుంటున్నట్టు ముఖం తిప్పుకునేవాళ్లు. ఆమె చూడనట్టే ఊరుకునేది. తనూ పడవ మీద వేటకు వెళ్లే ఆమె తమ్ముడొక్కడే నవ్వేసేవాడు. నీ కెమెరాకి అంత మహిమే ఉంటే మా ఆవిడ నోరు కట్టేసే ఫోటో ఒకటి తియ్యక్కా అని ఆటపట్టించేవాడు.

ఒకరోజు పొద్దున అతను ఒక్కడే వేటకు బయల్దేరాడు. తోడు వెళ్లే మనిషికి జ్వరం. రేవు గోడ దాటుతూ పైన రాళ్ల మీద అక్కను చూసి, ఫోటో తియ్యమని చేత్తో సైగ చేశాడు. ఆమెకు చెయ్యి రాలేదు. తియ్యకపోతే చిన్నబుచ్చుకుంటాడని మీట నొక్కింది.

ఎండ నడినెత్తికి రాకముందే సముద్రం మీద పొగమంచు లేచింది. చూస్తుండగానే రేవు గోడ కనపడకుండా పోయింది. ఇంజిన్ చప్పుళ్లు వినపడటం, మంచులోంచి పడవ ముక్కు బయటపడటం, ఒడ్డున ఎవరో ఒకరు హమ్మయ్య అనుకోవడం, అలా ఒక్కొక్కటే పడవలన్నీ వచ్చేశాయి. తమ్ముడి పడవ రాలేదు. ఫోను మోగడం లేదు. అతను ఎప్పుడూ వల వేసే వైపు గస్తీ పడవ వెతకడానికి వెళ్లిందని చెప్పుకున్నారు.

ఆమె స్టూడియోకి వచ్చి కూర్చుంది గానీ కాలూ చెయ్యీ ఆడటం లేదు. కంప్యూటరు తెరవాలంటే భయం. అంతలో మరదలు వచ్చి గుమ్మంలో నిలబడింది. కాళ్లకు చెప్పులు లేవు.

"పొద్దున ఆయన్ని ఫోటో తీశారంట కదా వదినా."

ఆమె తల ఊపింది. ఇప్పుడు ఏ మాట అంటుందో అని బిక్కచచ్చిపోయింది. మరదలు చూపించమంది, అంతే.

ఫోటో తెర మీదికి వచ్చింది. తమ్ముడి ముఖం చూడలేక ఆమె కళ్లు దించుకుంది. మరదలు మాత్రం తెరకు దగ్గరగా వంగి, ముఖం వదిలేసి పడవంతా వెతికింది.

"ముందు వైపు లంగరు ఏది?"

పెద్దది చేసి చూశారు. తాడు చుట్ట ఉంది. లంగరు లేదు.

"అతుక్కని వెల్డింగు షాపులో ఇచ్చారు వదినా. తెచ్చేసుకున్నారనుకున్నా."

ఇంజిన్ ఆగితే పడవను నిలబెట్టేది లంగరు. అది లేని పడవ వల దగ్గర ఆగదు, నీటి వాలు ఎటు లాగితే అటే పోతుంది. ఇద్దరూ పరుగు పరుగున రేవుకు దిగారు. అక్కడ వైర్‌లెస్ దగ్గర కూర్చున్న ముసలి సరంగుకు రొప్పుతూ విషయం చెప్పారు. ఆయన గడియారం చూసి ఆటుపోట్ల లెక్క వేసుకున్నాడు. ఈ పూట వాలు దక్షిణానికి, పడవల్ని చీల్చే ఆ కోరబండల మీదికి అన్నాడు. ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన వైర్‌లెస్‌లో గస్తీ పడవను అటు తిప్పమన్నాడు.

తర్వాత చెయ్యగలిగింది ఏమీ లేదు. వదినా మరదళ్లిద్దరూ వలల గుట్ట మీద కూర్చున్నారు. ఎవరో టీ తెచ్చిస్తే చేతుల్లోనే చల్లారిపోయింది. మరదలు ఒక్కసారే మాట్లాడింది. పొద్దున కూరలో ఉప్పెక్కువైందని అతను అన్నందుకు తను ముఖం మాడ్చుకుందట, గుమ్మం దాకా కూడా రాలేదట. వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. తను మీట నొక్కకుండా ఉండాల్సిందేమో అన్న మాట నాలుక దాకా వచ్చింది, మింగేసింది.

పొద్దు వాలుతుండగా వైర్‌లెస్ పలికింది. మనిషి దొరికాడు. ఇంజిన్ చచ్చిపోయి పడవ కోరబండలకు కొట్టుకుని ముక్కలైందట. అతను ఒక బండ అంచు పట్టుకుని, అలలు తడుపుతుంటే, గస్తీ పడవ చప్పుడు వినపడేదాకా అరుస్తూనే ఉన్నాడట. మణికట్టు విరిగింది. ఒడ్డున దించగానే మరదలు అతన్ని రెండు దెబ్బలు వేసి, అదే చేత్తో చొక్కా పట్టుకుని ఏడ్చింది. అతను వణుకుతూనే అక్క వైపు తిరిగి, "పడవ పోయినా ఫోటో మాత్రం బాగానే వచ్చి ఉంటుందిలే" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

పడవ పోయింది. మిగతా వేసవంతా అతను ఒంటిచేత్తో ఎవరెవరి వలలకో ముళ్లు విప్పుతూ కూర్చున్నాడు. స్టూడియో అక్క కొన్నాళ్లు ఇల్లు కదల్లేదు. ఆఖరికి ముఖం తిప్పుకునే జాలర్లే వచ్చి, ఏదైనా మరిచిపోతే తెలుస్తుంది, మా పడవ ముందు నుంచి వెనక దాకా పడేట్టు తియ్యమని అడగడం మొదలుపెట్టారు. కాదనలేకపోయింది. అయితే భయం వదల్లేదు. క్యాలెండరు మాట అటుంచి, పొద్దున్నే తీసిన ప్రతి ఫోటోనూ తెర మీద పెద్దది చేసి, తాడుందా, తెడ్డుందా అని వెతుక్కునేది. ఏదైనా కనపడకపోతే అది ఫోటోలో పడలేదో, పడవలోనే లేదో తేలక, సాయంత్రం ఆ పడవ తిరిగొచ్చేదాకా రేవు వైపే చూస్తూ ఉండేది.