లచ్చవ్వ పళ్లెం

చొప్పదండిలో పేదపిల్లల సెలవుల శిబిరానికి ఇద్దామని మొన్న స్టీలు పళ్లేలు కొన్నాను. కొట్టతను పేరు చెక్కే మిషను ఆన్ చేసి, "ఏం పేరు కొట్టాలె తాతా?" అన్నాడు. ఆ గర్రుమనే చప్పుడుకు నా ఎనిమిదో ఏడు గుర్తొచ్చింది.

అప్పట్లో నేనూ అలాంటి శిబిరంలోనే ఉన్నాను. పళ్లేలన్నీ బొగ్గుబాయి కాలనీవాళ్లు ఇచ్చినవే. నా పళ్లెం మీద 'లచ్చవ్వ' అని చెక్కి ఉంది. ఎవరి పళ్లెంలో తింటే వాళ్లింటికే మమ్మల్ని ఇచ్చేస్తారనుకున్నాను. మూడు రోజులు మెతుకు ముట్టలేదు. అబద్ధమెందుకు, ఒక్క పూటే. అదీ పక్కవాడి పళ్లెంలోంచి సగం లాగించాను, పట్టుకుపోతే వాణ్నే పట్టుకుపోతారని.

ఆ సాయంత్రం మామిడికాయ తొక్కు జాడీతో లచ్చవ్వే వచ్చింది. "నా పళ్లెంల తినేటోడు ఎవడు?"

నేను స్తంభాన్ని కరుచుకున్నాను. "నేను రాను! మా అవ్వ కాడికే పోత!"

"నిన్నెవలు తీస్కపోతర్రా? ఇంట్ల నా పోరగాండ్లే నలుగురున్నరు, సాలరా?" అని నవ్వి, తొక్కు కలిపి ముద్ద పెట్టింది.

మరుసటి వారం కాలనీ ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది. ఎవరి పళ్లెం వాళ్లు వెతుక్కుని, అందులో తినే పిల్లల పక్కనే కూర్చున్నారు. ఆ తర్వాత మాకు కూర లేని పూట లేదు.

"పేరొద్దా తాతా?" కొట్టతను మళ్లీ అడిగాడు.

"నా పేరే కొట్టు, జర లోతుగ. నా పళ్లెంల ఎవలు తింటుండ్రో చూసొచ్చేటందుకు పోవాలె గద."